లేని డిగ్రీకి రద్దు పత్రం

ఉత్తరాన, మంచుకు దగ్గరగా, ఒక చిన్న దేశం ఉంది. దాని పేరు రాస్తే ఇంకొన్ని దరఖాస్తులు వెళ్ళే ప్రమాదం ఉంది కాబట్టి రాయడం లేదు. ఆ దేశానికి దీవులు ఎక్కువ, జనం తక్కువ. దీవి నుంచి దీవికి ఓడలు నడిపేవాళ్ళు దొరుకుతున్నారు గానీ, ఆ ఓడల టికెట్లూ వేళలూ చూసే కంప్యూటర్లను నడిపేవాళ్ళు దొరకడం లేదు. అక్కడి మంత్రి ఒకాయన విసిగిపోయి, "పని వస్తే చాలు, పట్టాతో మాకు పని లేదు. డిగ్రీ లేని సాంకేతిక నిపుణులకు వేరే వీసా ఇస్తాం, వెంటనే ఇస్తాం" అని ప్రకటించాడు. డిగ్రీ ఉన్నవాళ్ళకు పాత వీసా ఎలాగూ ఉంది. దానికోసం వరసలో నిలబడినవాళ్ళలో కొందరికి ఈలోపు మనవలు పుట్టారు.

ఈ వార్త హైదరాబాదులో అందరికన్నా ఎక్కువగా సంతోషపెట్టింది సలాది ఉత్పలను.

ఉత్పలది తుని. ఇంటర్ అయ్యాక డిగ్రీలో చేరదామని అక్కడి కాలేజీకి వెళ్తే, దరఖాస్తు పెట్టే వెబ్‌సైటు తెరుచుకోలేదు. క్యూలో నిలబడి నిలబడి విసుగొచ్చి, గుమాస్తాను పక్కకు జరగమని ఆమే కూర్చుని బాగుచేసింది. ప్రిన్సిపాల్ సంతోషించి సీటు బదులు ఉద్యోగం ఇచ్చాడు. ఆ తర్వాత అందరి అడ్మిషన్లూ చూడటంలో పడి తన అడ్మిషన్ సంగతి మరిచిపోయింది. అక్కడి నుంచి హైదరాబాదు వచ్చి, బస్సు టికెట్లు అమ్మే ఒక కంపెనీలో స్థిరపడింది. స్థిరపడింది అన్నది మర్యాదకు అన్నమాట. ఏళ్ళు గడిచినా ఆమె హోదా 'తాత్కాలిక'మే. ప్రమోషన్ల కాలం వచ్చినప్పుడల్లా డిగ్రీ ఏదని అడిగేవారు. లేదనేది. ఆమె దగ్గర పని నేర్చుకున్న మద్దూరి ఫణికుమార్ అనే కుర్రవాడు ఆమెకే మేనేజరయ్యాడు. ఫణి ఎంటెక్, అదీ బంగారు పతకంతో.

ఆ దేశపు ఓడల కంపెనీ వాడే, ఎవరైనా చూసి సరిచేయగల టికెట్ల ప్రోగ్రాములో ఒక తప్పు ఉంటే ఉత్పల సరిచేసి పంపింది. వాళ్ళు ఉద్యోగం ఇస్తాం రమ్మన్నారు. ఎండాకాలం ఓడలు మొదలయ్యేలోపు వచ్చి చేరితే చాలన్నారు. కొత్త వీసా సంగతి తెలిసిన రోజు క్యాంటీన్లో ఫణి టీ పట్టుకొచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"అదృష్టమంటే నీదే ఉత్పలా," అన్నాడు. "నాకు మరీ చిన్న వయసులోనే డిగ్రీ వచ్చేసింది."

"బాధపడకు ఫణీ. నువ్వేం కావాలని చేసింది కాదు కదా."

"మా నాన్న పట్టుబట్టి చదివించాడు," అని ఫణి కళ్ళు తుడుచుకున్నాడు.

అలా కళ్ళు తుడుచుకున్నవాళ్ళు నగరంలో చాలామంది తేలారు. వారం తిరిగేసరికి అమీర్‌పేటలో కంప్యూటర్ శిక్షణ కేంద్రాల బోర్డులు మారిపోయాయి. నిన్నటిదాకా 'ఇచ్చట జావా నేర్పబడును' అని ఉన్నచోట 'ఇచ్చట జావా మరిపించబడును' అని వెలసింది. పెళ్ళిచూపుల్లో అబ్బాయి ఏం చదివాడని అడిగితే, "దేవుడి దయవల్ల ఏమీ చదవలేదండి" అని చెప్పేవాళ్ళు.

ఆ దేశం అడిగింది ఒక్కటే: డిగ్రీ లేదని చెప్పే ఏదైనా కాగితం. ఏదైనా కాగితం అనేసరికి మన ప్రభుత్వానికి మనసు చివుక్కుమంది. ఎవరికి తోచిన కాగితం వాళ్ళు పట్టుకుపోతే రాష్ట్రం పరువేం కావాలి? అందుకని 'నిష్పట్టభద్రతా ధ్రువీకరణ మండలి' ఏర్పాటైంది. నాంపల్లిలో ఒక పాత భవనం మూడో అంతస్తు దానికి కేటాయించారు. జనం నోరు తిరగక దాన్ని 'లేదుల ఆఫీసు' అన్నారు. అధ్యక్షుడు ఆచార్య దుర్భాకుల విశ్వపతి. మండలి అధ్యక్షుడికి డాక్టరేట్, సభ్యులకు డిగ్రీ విధిగా ఉండాలని నిబంధన. డిగ్రీ లేకపోవడమంటే ఏమిటో డిగ్రీ లేనివాడికి ఏం తెలుస్తుందని దాని భావం.

ఉత్పల మొదటి రోజే వెళ్ళింది. అటెండర్ కొమురయ్య తలుపు తీసి పంపాడు. విశ్వపతి గారు ఆమెను ఆప్యాయంగా కూర్చోమన్నారు.

"చూడమ్మా, ఉన్నదానికి పత్రం ఇవ్వడం ఎవరైనా చేస్తారు. లేనిదానికి పత్రం సృష్టించడం ఈ మండలి యొక్క చారిత్రక కర్తవ్యం. మీకు డిగ్రీ లేదనడానికి ఆధారం ఏమిటి?"

"లేదండి. అదే ఆధారం."

"అది మీ అభిప్రాయం."

"అభిప్రాయం ఏటండీ, నిజంగానే లేదు. ఇల్లంతా వెతుక్కోండి కావాలంటే."

"వెతికితే కనబడలేదు అని మాత్రమే తేలుతుంది. లేదు అని తేలదు."

"నాకు రాకెట్ కూడా లేదండి. దానికీ ఆధారం తేవాలా?"

విశ్వపతి గారు కొంచెం ఆలోచించారు. "రాకెట్ మా పరిధిలోకి రాదు," అన్నారు. తర్వాత ఆమె దరఖాస్తు తిరగేసి కళ్ళజోడు సవరించుకున్నారు. "తుని కళాశాలలో రెండేళ్ళు పనిచేసినట్టు మీరే రాశారు. అనగా కళాశాల ప్రాంగణంలో సంచరించారు. సదరు సంచార కాలంలో పాఠాలు మీ చెవిన పడలేదని ఏమిటి నమ్మకం?"

"నేను కూర్చునేది సర్వర్ గదిలో అండి. ఏసీ హోరుకి నా మాట నాకే వినబడేది కాదు."

"ఏసీ హోరు పెట్టేదని ప్రిన్సిపాల్ నుంచి ధ్రువపత్రం తీసుకురండి. దానితోపాటు, మీరు తమ విద్యార్థిని కారని దేశంలోని విశ్వవిద్యాలయాలన్నింటి నుంచి లేఖలు. తదుపరి చర్య నిమిత్తం పరిశీలిస్తాం."

ఏసీ ధ్రువపత్రం సులభంగానే వచ్చింది. ఆ ఏసీ ఇప్పటికీ హోరు పెడుతోందని ప్రిన్సిపాల్ బాధతో రాశాడు. విశ్వవిద్యాలయాల దగ్గరే చిక్కు వచ్చింది. జవాబు రాసిన ప్రతి రిజిస్ట్రారూ ఒకే మాట రాశాడు: 'తమరు మా విద్యార్థిని కారని ధ్రువీకరించుటకు గాను తమ హాల్‌టికెట్ నంబరు తెలియజేయవలెను.'

ఇంతలో ఫణికి దారి దొరికింది. నగరం శివార్లలోని మూసీతీర విశ్వవిద్యాలయం తన పూర్వ విద్యార్థుల కన్నీళ్ళు చూడలేక, కోరినవారి డిగ్రీలు రద్దు చేస్తానని ముందుకు వచ్చింది. స్నాతకోత్సవానికి వ్యతిరేకం కాబట్టి ఆ వేడుకకు 'స్నాతకోపసంహారం' అని పేరు పెట్టారు. ఉత్పలను కూడా రమ్మని ఫణి పిలిచాడు.

హాలు నిండిపోయింది. నల్లగౌన్లు వేసుకున్న పట్టభద్రులు వరసగా వెనక్కి నడుస్తూ వేదిక ఎక్కారు. ఉపకులపతి, అంటే వైస్ ఛాన్సలర్, ఆచార్య నెల్లుట్ల రంగనాయకి ఒక్కొక్కరి చేతిలోంచి పట్టా తీసుకుని, భుజం తట్టి, రద్దు పత్రం ఇచ్చారు. చివర్లో అందరిచేతా ప్రమాణం చేయించారు. ఈ విశ్వవిద్యాలయంలో తాము నేర్చుకున్నది ఏదైనా ఉంటే దాన్ని శాయశక్తులా మరిచిపోతామని అందరూ కుడిచెయ్యి చాపి చెప్పారు. మరిచిపోవడానికి కష్టపడాల్సి వస్తుందేమో అన్న బెంగ ఎవరి ముఖంలోనూ కనబడలేదు.

ఫణి మాత్రం బంగారు పతకం ఇచ్చేటప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ముందు వరసలో కూర్చున్న వాళ్ళ అత్తగారు ఇంకా ఎక్కువ ఏడ్చింది.

"ఎంటెక్ అల్లుడని ఊరంతా చెప్పుకున్నాం. రేపటినుంచి ఏమని చెప్పుకోవాలే," అంది కూతురితో.

"వీసా వస్తుందని చెప్పుకో అమ్మా."

అత్తగారు ముక్కు చీది, "అయితే ఫొటో సరిగ్గా తీయించు," అంది.

రద్దు పత్రం ఉన్నవాళ్ళకు లేదుల ఆఫీసులో మిగిలింది మౌఖిక పరీక్ష ఒక్కటే. డిగ్రీ నిజంగా దిగిపోయిందా, ఇంకా లోపల కొంచెం మిగిలి ఉందా అని చూడటం దాని ఉద్దేశం. డేటాబేస్ అంటే ఏమిటని ఫణిని అడిగారు. ఫణి అలవాటుకొద్దీ, "డేటాబేస్ అనగా," అన్నాడు. విశ్వపతి గారు బల్లమీది గంట మోగించారు.

"డిగ్రీ లేనివాడు 'అనగా' అనడు. వెళ్ళి సాధన చేసి రండి."

ఫణి అమీర్‌పేటలో చేరి ఉదయం, సాయంత్రం మరిచిపోయాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు అదే ప్రశ్న వేస్తే, "అదేదో సామాన్లు పెట్టుకునే అటకలాంటిది సార్, నాకు సరిగ్గా తెలీదు," అన్నాడు. మండలి సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకుని మెచ్చుకోలుగా తలలూపారు. అతనికి నిష్పట్టభద్రతలో ప్రథమ శ్రేణి వచ్చింది. పదిహేను రోజుల్లో విమానమెక్కాడు.

ఫణి రెండోసారి పరీక్షకు వెళ్ళిన రోజే ఉత్పలనూ పిలిచారు. డేటాబేస్ అంటే ఏమిటని అడిగితే, "ఏ డేటాబేసండి? బోల్డు రకాలున్నాయి. మీ అవసరమేటో చెప్తే ఏది సరిపోతుందో చెప్తాను," అంది. సభ్యులు ఉలిక్కిపడ్డారు. ఇది కనీసం పోస్టు గ్రాడ్యుయేషన్ స్థాయి జవాబని రాసుకున్నారు.

"అమ్మా, మీ విషయంలో మండలికి ఒక ధర్మసంకటం ఏర్పడింది," అన్నారు విశ్వపతి గారు. "డిగ్రీ లేదనడానికి మా నియమావళి గుర్తించిన ఆధారం ఒక్కటే, రద్దు పత్రం. అది మీ దగ్గర లేదు."

"డిగ్రీయే లేనప్పుడు రద్దు ఎలా చేయించుకోనండి?"

"అదే నేనూ చెప్పేది. ముందు ఒక డిగ్రీ సంపాదించండి. దాన్ని రద్దు చేయించుకోండి. అప్పుడు మీకు డిగ్రీ లేదని మేము నిస్సంకోచంగా నమ్ముతాం."

ఉత్పల ఆయన బల్లమీది గంటను తీసి కిటికీలోంచి విసరబోయి, అది ప్రభుత్వ ఆస్తి అని గుర్తొచ్చి కింద పెట్టేసింది. బయటికి వస్తుంటే కొమురయ్య మంచినీళ్ళ గ్లాసు అందించాడు.

"గరమ్ గాకుండ్రి మేడమ్. నాకు గూడ డిగ్రీ లేదు. లేదని నాకెవ్వలు చెప్పలె. నేనే అనుకుంటున్న."

డిగ్రీ అంటే మూడేళ్ళు. ఓడలు మూడేళ్ళు ఆగవు. ఉత్పల నేరుగా మూసీతీర విశ్వవిద్యాలయానికి వెళ్ళి వైస్ ఛాన్సలర్ గది ముందు కూర్చుంది. రంగనాయకి గారు దయగల మనిషి. మొత్తం విని, ఆమె చేయి పట్టుకున్నారు.

"మూడేళ్ళెందుకమ్మా. గౌరవ డాక్టరేట్ అయితే ఒక్క రోజు పని. హాజరు అక్కర్లేదు, పరీక్ష అక్కర్లేదు. తీసుకున్న మర్నాడు రద్దు చేసేస్తాం."

"నాకు గౌరవ డాక్టరేట్ ఎందుకిస్తారండి? నేనేం చేశాను?"

"ఇంతవరకు తీసుకున్నవాళ్ళెవరూ ఈ ప్రశ్న అడగలేదు," అన్నారు రంగనాయకి గారు ఆశ్చర్యంగా.

అలా ఉత్పల డాక్టరయింది. 'విద్యకు నిలకడగా దూరంగా ఉంటూ విద్యారంగానికి అందించిన సేవలకు గుర్తింపుగా' అని ప్రశంసాపత్రంలో రాశారు. బస్సు కంపెనీవాళ్ళు పూలగుత్తి పంపారు. హోదా మాత్రం తాత్కాలికమే ఉంచారు. తునిలో వాళ్ళ మేనమామ రైల్వే గేటు దగ్గర ఆమె బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. దానిమీద 'డాక్టర్' అన్న అక్షరాలు మరీ పెద్దవిగా ఉండటంతో, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఆమెకు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఉత్పల మొదట్లో విసుక్కుంది. తర్వాత నడవమని చెప్పేది.

డాక్టరేట్ తీసుకున్న మర్నాడే రద్దు కోసం వెళ్తే, రంగనాయకి గారి ముఖం పాలిపోయి ఉంది. ఎదురుగా నియమావళి తెరిచి ఉంది.

"పొరపాటు జరిగిందమ్మా. మామూలు డిగ్రీ అయితే అడిగితే రద్దు చేయొచ్చు. గౌరవ డాక్టరేట్ అలా కుదరదట. తీసుకున్నవారు విశ్వవిద్యాలయ గౌరవానికి భంగం కలిగిస్తేనే రద్దు చేయాలట."

"అయితే భంగం కలిగిస్తాను. ఏం చేయమంటారు?"

"అది మేము చెప్పకూడదు. మీకై మీకే తోచాలి."

ఉత్పల ఆ విశ్వవిద్యాలయం మరుగుదొడ్ల మీద పత్రికకు ఒక ఘాటైన లేఖ రాసింది. అందులో పెద్దల పేర్లన్నీ పెట్టింది. లేఖ అచ్చయిన రోజే మరుగుదొడ్లు కడిగారు. తనిఖీ బృందం వచ్చి మెచ్చుకుని విశ్వవిద్యాలయానికి పై గ్రేడు ఇచ్చింది. నిర్మాణాత్మక విమర్శ అంటే ఇలా ఉండాలని రంగనాయకి గారు ఆ లేఖకు పటం కట్టించారు.

ఇలా కాదని ఉత్పల పరిపాలనా భవనం ముందు నిలబడి నోటికొచ్చినట్టు కేకలు వేసింది. హాస్టల్ విద్యార్థులు అది మెస్సు సాంబారు గురించేమో అనుకుని వచ్చి కలిశారు. సాయంత్రానికి సాంబారులో ముక్కలు పెంచుతామని అధికారులు ఒప్పుకున్నారు. విద్యార్థులు ఆమెను భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించారు. ఆ భుజాల మీదినుంచే ఆమె, "దింపండ్రా, నేను అవమానం చేయడానికొచ్చాను," అని అరుస్తూ ఉంది. వాళ్ళకు వినబడలేదు.

గదికి వచ్చి మంచం మీద కూలబడి, జీవితంలో మొదటిసారి తన చేతుల్లో ఏమీ లేదనిపించి ఏడ్చింది. ప్రోగ్రాములో తప్పుంటే ఎక్కడుందో వెతకొచ్చు. ఇక్కడ ఎవరిదీ తప్పు కాదు. అందరూ మంచివాళ్ళే, అందరూ సాయం చేస్తున్నారు, తను మాత్రం ఉన్నచోటు నుంచి ఇంకా వెనక్కి పోతోంది. ఓడల కంపెనీ మేనేజరుకు ఉత్తరం రాయబోయింది. 'మన్నించాలి, నాకు డాక్టరేట్ వచ్చినందువల్ల రాలేకపోతున్నాను' అని మొదలుపెట్టి, చదువుకుని, కొట్టేసింది.

లేదుల ఆఫీసులో ఈలోపు కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. రోజూ వందల మందికి వీసా దారి చూపించి, తాము మాత్రం నాంపల్లిలో కూర్చోవడం మండలి సభ్యులకు కష్టమైంది. ఒకరి తర్వాత ఒకరు స్నాతకోపసంహారం చేయించుకున్నారు. చివరికి విశ్వపతి గారు కూడా తన డాక్టరేట్ పట్టా సంచిలో పెట్టుకుని బయలుదేరారు. వీడ్కోలు సభలో, "నేను కూడా మానవమాత్రుణ్ణే," అని మాత్రం అన్నారు. ఆయన ఫైలు మీద, అంతకు ముందురోజే డిగ్రీ పోగొట్టుకున్న సభ్యుడొకరు పాత తేదీ వేసి సంతకం చేశారు. రంగనాయకి గారు అదే విమానంలో వెళ్ళారు. వైస్ ఛాన్సలర్ బాధ్యతలు వ్యాయామ శాఖాధిపతి గట్టు భీమయ్యకు అప్పగించారు. ఆయనకు డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయం ఎప్పుడో మూతపడింది కాబట్టి రద్దు చేసేవాళ్ళు లేక ఆయన ఉండిపోయారు.

ప్రభుత్వం మండలికి కొత్త అధ్యక్షుడి కోసం చూసింది. డాక్టరేట్ ఉండాలి, విదేశ ప్రయాణంలో ఉండకూడదు, మండలి పనితీరుతో పరిచయం ఉండాలి. అన్నీ కలిసినవాళ్ళు వెతికితే ఒక్కరే దొరికారు.

ఉత్తర్వు చూసి ఉత్పల నవ్వలేదు. మారు మాట్లాడకుండా నాంపల్లి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. కొమురయ్య దుమ్ము దులిపి ఒక ఫైలు ముందు పెట్టాడు.

"గిది మీదే మేడమ్."

"నా ఫైలు నేను చూడకూడదు కదా కొమురయ్యా?"

"పెద్ద సార్లందరు ఎవల ఫైలు వాళ్ళే జూపిచ్చుకొని పోయిన్రు. మీరొక్కలే సిగ్గుపడుతున్రు."

"సిగ్గు కాదు. అబద్ధం అవుతుంది. ఈ కుర్చీలో కూర్చోడానికి నాకు డాక్టరేట్ ఉండాలి. ఉంటే, డిగ్రీ లేదని రాయకూడదు. లేకపోతే రాసే అధికారం లేదు."

కొమురయ్య కాసేపు ఆలోచించే ప్రయత్నం చేసి, మానుకుని, "చాయ్ తెస్త మేడమ్," అని వెళ్ళిపోయాడు.

ఉత్పల ఫైలు తెరిచింది. ఓడలు మొదలయ్యే రోజు దగ్గర పడింది. చివరికి కలం తీసి రాసింది: 'డాక్టర్ సలాది ఉత్పల అను నేను సలాది ఉత్పలను స్వయంగా ఎరుగుదును. ఆమెకు ఏ డిగ్రీయూ లేదని ధ్రువీకరించడమైనది.' కింద సంతకం పెట్టింది. మండలి ముద్ర ఆమే వేసుకుంది.

వీసా కార్యాలయంలో ఉన్న ఆ దేశపు అధికారిణి నెమ్మదైన మనిషి. పత్రాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివింది.

"ఈ డాక్టర్ ఉత్పల ఎవరు?"

"నేనేనండి."

"ఈ డిగ్రీ లేని ఉత్పల?"

"నేనేనండి."

అధికారిణి కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని చూసింది. పత్రంలో ఏ మార్పూ రాలేదు. ఉత్పల ఇక దాచడమెందుకని జరిగిందంతా చెప్పింది. ఏసీ హోరు దగ్గరనుంచి సాంబారు దాకా అన్నీ చెప్పింది. అధికారిణి మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుకోలేదు.

"మేము ఏదైనా కాగితం అన్నాం," అంది చివరికి. "నాకు డిగ్రీ లేదు అని తెల్లకాగితం మీద మీరే రాసి సంతకం పెట్టి తెచ్చినా ఇచ్చేసేవాళ్ళం."

"ఇంతవరకు అలా ఎవరూ తేలేదాండి?"

"లేదు. అందరూ ముద్రలున్నవే తెచ్చారు. మీ దేశ ఆచారమేమో అనుకున్నాం."

"అయితే ఇప్పుడు తెల్లకాగితం రాసిస్తాను. ఒక కాగితం ఇప్పించండి."

అధికారిణి నిజంగానే నొచ్చుకుంది. "ఇప్పుడు కుదరదు. ముద్ర ఉన్న పత్రం ఒకటి నా ముందుకు వచ్చింది. అందులో ఉన్నది నిజం కాదని మీరే చెప్పారు. డాక్టరేట్ ఇచ్చిన విశ్వవిద్యాలయానికి నేను ఫిర్యాదు పంపాలి. మా నియమం అది."

ఆ రోజు ఆటోలో ఉత్పల ఏడవలేదు. ఏడుపు కూడా రాలేదు. ఓడల కంపెనీకి క్షమాపణ ఉత్తరం ఈసారి సరిగ్గానే రాసి, రేపు పంపుదామని పడుకుంది.

విదేశీ కార్యాలయం ముద్రతో ఫిర్యాదు రావడం మూసీతీర విశ్వవిద్యాలయ చరిత్రలో అదే మొదలు. ఉత్పల ఆ ఉత్తరం పంపకముందే, మర్నాడు పొద్దున్నే భీమయ్య గారు సమావేశం పిలిచారు. సభ్యులు మాట్లాడుకుంటుంటే మెడలోని విజిల్ ఊది నిశ్శబ్దం చేశారు. ఉత్పలను పిలిపించి, నిలబెట్టి ఉత్తర్వు చదివారు.

"గౌరవ డాక్టరేట్ పొందిన వ్యక్తి తప్పుడు ధ్రువపత్రం జారీ చేసి, పరదేశం ముందు ఈ విశ్వవిద్యాలయ గౌరవానికి తీవ్ర భంగం కలిగించినట్టు రుజువైంది. కనుక సదరు డాక్టరేట్‌ను రద్దు చేయడమైనది. మీరు చెప్పుకునేదేమైనా ఉందా?"

ఉత్పల ఒక అడుగు ముందుకు వేసింది. మాటలు ఒక్కొక్కటిగా లోపలికి దిగుతున్నట్టున్నాయి.

"సార్, ఉత్తర్వులో ఆఖరి వాక్యం మళ్ళీ ఒకసారి చదువుతారా?"

భీమయ్య చదివారు. ఉత్పల వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టింది. శిక్ష పడినవాళ్ళు ఇలా చేయడం ఆటల మైదానంలో ఎన్నడూ చూడని భీమయ్య, ఏం చేయాలో తోచక ఆశీర్వదించారు.

వీసా అధికారిణి పాత ధ్రువపత్రాన్నీ, కొత్త రద్దు ఉత్తర్వునూ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"మీకు డిగ్రీ లేదని ఈ పత్రంలో ఉంది. ఇప్పుడు నిజంగానే లేదు. కాబట్టి ఇది నిజం," అంది. "దీనిమీద సంతకం పెట్టే అర్హత మీకు ఇప్పుడు లేదనుకోండి. కానీ మా నియమాల్లో సంతకం గురించి ఏమీ రాయలేదు." అని వీసా ముద్ర వేసింది.

ప్రయాణం రోజు ఉదయం ఉత్పల తాళంచెవులు ఇవ్వడానికి నాంపల్లి వెళ్ళింది. డాక్టరేట్ పోయింది కాబట్టి కుర్చీ కూడా పోయింది. కొత్తవారు ఇంకా రాలేదు. మెట్ల మీద, మెట్లు దాటి వీధిలో, జనం బారులు తీరి ఉన్నారు. కొమురయ్య తాళంచెవులు అందుకుని, "పోయి రండి మేడమ్. ఆడ సలి ఎక్కువ ఉంటదట," అన్నాడు.

మెట్లు దిగుతుంటే లైన్లోంచి ఒక అమ్మాయి గబగబా వచ్చింది. మెదక్ వైపు నుంచి వచ్చింది, పేరు నాగలత. ఇంటర్ తర్వాత సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో చేరి, యాప్‌లు తయారుచేయడం నేర్చుకుందట. నిజంగానే డిగ్రీ లేదు.

"మేడమ్, మీకు అయిపోయిందంట కదా. ఎట్లయింది? నాకు ఎటు తిరిగినా రద్దు పత్రమే అడుగుతున్రు."

ఉత్పల ఆ పిల్ల ముఖంలోకి చూసింది. టాక్సీ హారన్ కొడుతున్నా పట్టించుకోకుండా మెట్టు మీద కూర్చుని, సంచిలోంచి ఒక తెల్లకాగితం తీసి చేతిలో పెట్టింది.

"ఇక్కడ నిలబడకమ్మా. దీనిమీద నాకు డిగ్రీ లేదు అని రాయి. కింద నీ సంతకం పెట్టు. తిన్నగా వీసా ఆఫీసుకి పట్టుకుపో. వాళ్ళకి అంతే కావాలి."

"గంతేనా?"

"అంతే. వాళ్ళే నాతో చెప్పారు. ఒట్టు."

నాగలత కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత ఉత్పల ఒడిలోనే పెట్టుకుని శ్రద్ధగా, గుండ్రటి అక్షరాలతో, ఆ ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టింది. ఉత్పల ఆమె తల నిమిరి, తృప్తిగా లేచి టాక్సీ ఎక్కింది. బండి కదులుతుండగా వెనక్కి తిరిగి చూసింది.

నాగలత మెట్ల పైన కొమురయ్య దగ్గర నిలబడి ఉంది. కాగితం చూపిస్తూ, "అన్నా, దీని మీద గెజిటెడ్ సంతకం ఎవలు పెడ్తరు?" అని అడుగుతోంది. ఆమె వెనకాల అప్పుడే ఇంకో లైను కట్టారు. ఆ లైన్లోవాళ్ళ చేతుల్లో ఒక్కొక్క తెల్లకాగితం ఉంది.